రూఫ్‌టాప్ బార్‌కు సోషల్ మీడియా నడపడం ఎలా? ఫోన్ తీసేముందు నుంచి లెక్క చూసుకునేదాకా

"డాబా మీద బార్ పెట్టాం. ఇన్‌స్టా పేజీ ఉంది, ఫాలోయర్లూ ఉన్నారు. శుక్ర, శనివారాలు తప్ప టేబుళ్లు నిండట్లేదు. ఏం పోస్ట్ చేయాలి?" బార్ల సోషల్ మీడియా పేజీలు చూస్తుంటాను నేను. మాటలు మారినా నాకు వచ్చే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో సగం మందికి నా జవాబు ఒకటే. పోస్టు సంగతి తర్వాత చూద్దాం, ముందు చేయాల్సిన పనులు నాలుగున్నాయి.

ఇది హైదరాబాద్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా. విశాఖ బీచ్ రోడ్డు వైపు లెక్క మారేచోట విడిగా చెప్తా. తోటలో, ఓపెన్ యార్డులో నడిపేవాళ్లకీ తొంభై శాతం ఇదే పనికొస్తుంది.

ఒక్క మాట గుర్తుంచుకుని చదవండి. మందు ఎక్కడైనా దొరుకుతుంది. మీ దగ్గర మాత్రమే దొరికేది ఆ గాలి, ఆ ఆకాశం, ఆ మూల టేబుల్. అమ్మాల్సింది వాటినే. చట్టం కూడా మిమ్మల్ని అటే నెడుతుంది.

1. ముందు, ఏం పెట్టకూడదో రాసుకోండి

టీవీలో మద్యం ప్రకటనలకు కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రూల్స్ కింద నిషేధం ఉంది. సోడా పేరు చెప్పి మందు గుర్తుచేసే దొడ్డిదారిని 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు మూసేశాయి. వీటికి తోడు రాష్ట్ర ఎక్సైజ్ నిబంధనలు, మీ లైసెన్సు మీద రాసి ఉన్న షరతులు ఉంటాయి. ఆ కాగితాన్ని ఒక్కసారి తెలిసిన లాయర్‌తో చదివించుకోండి. ఆ ఫీజు దండగ కాదు.

నేను చూసే పేజీలన్నింటికీ పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. చట్టం ఇంకాస్త వదులుగా ఉన్నచోట కూడా నేను వీటిని దాటను:

- సీసా లేబుల్, బ్రాండ్ పేరు ఫ్రేములోకి రాకూడదు. వెనక బార్ షెల్ఫ్ కనిపిస్తే ఫోకస్ తీసేయాలి.
- పెగ్గు పోయడం, షాట్ ఎత్తడం, "ఎంత తాగితే అంత" లాంటి మాటలు వద్దు.
- మందు మీద 1+1 ఆఫర్ పోస్టుగా పెట్టొద్దు. అది లోపల మెనూకే పరిమితం.
- రెండు రాష్ట్రాల్లోనూ మద్యానికి కనీస వయసు 21. ఫ్రేములో ఉన్న మనిషి 21 దాటినట్టు కనిపించకపోతే ఆ క్లిప్ వాడొద్దు.
- ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫెషనల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో కనీస వయసు పెట్టే వీలుంది. ఇవాళే పెట్టేయండి.

ఆరుబయట చోటు కాబట్టి మీకు మాత్రమే ఉన్న చిక్కు ఇంకొకటి ఉంది, శబ్దం. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. మూసి ఉన్న హాలుకు మినహాయింపు ఉండొచ్చు కానీ మీ డాబాకు లేదు.

ఒకచోట కుర్రాడొకడు ఉత్సాహం కొద్దీ రాత్రి పదకొండున్నరకు డీజే రీల్ తీసి, టైమ్ స్టాంపుతో సహా స్టోరీ పెట్టాడు. పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు ఆ స్టోరీనే స్క్రీన్ రికార్డ్ చేసి స్టేషన్‌కు పట్టుకెళ్లారు. మనమీద మనమే సాక్ష్యం తయారుచేసి ఇచ్చామన్నమాట. అప్పటి నుంచి పది దాటాక నేను తీయించేవి దీపాలు, ప్లేట్లు, ఊరి వెలుగులు మాత్రమే.

2. ఒక సాయంత్రమంతా ఊరికే కూర్చోండి

కెమెరా వద్దు. ఒక నోట్‌బుక్, పెన్ను చాలు. నాలుగున్నరకు వెళ్లి ఎనిమిది దాకా టేబుల్ మార్చుతూ కూర్చోండి. ఒక్కో టేబుల్‌కు నాలుగు సంగతులు రాయండి: కూర్చుంటే కంటికి ఏం కనిపిస్తుంది, ఎండ ఎప్పుడు దిగుతుంది, గాలి ఎటు నుంచి, వాన వస్తే తడుస్తుందా.

మొదటిసారి చేసినప్పుడు నాకే ఆశ్చర్యమేసింది. ఓనరు "మా బెస్ట్ వ్యూ" అని చూపించే పిట్టగోడ పక్క టేబుల్‌కు ఆరింటి దాకా ఎదురెండ కళ్లలో పడుతోంది. వాటర్ ట్యాంక్ పక్కన ఎవరూ అడగని టేబుల్ నుంచే కొండరాళ్లు, వాటి వెనక సూర్యుడు శుభ్రంగా కనిపిస్తున్నాయి. ట్యాంకుకు రెండు వెదురు తడికలు కట్టించాం. ఆ టేబుల్‌కు పేరు పెట్టాం. ఆ పేరుతోనే బుకింగ్‌లు మొదలయ్యాయి.

టేబుళ్లకు పేర్లు పెట్టడం చిన్నపనిలా అనిపిస్తుంది కానీ "టేబుల్ 14" అని ఎవరూ స్నేహితులకు చెప్పరు. "రాతికొండ టేబుల్ దొరికింది" అని చెప్తారు.

3. గూగుల్ మ్యాప్స్ సరిచేశాకే ఇన్‌స్టా

"నియర్ మీ" అని వెతికేవాడు ఈ సాయంత్రమే వస్తాడు. రీల్ చూసేవాడు ఎప్పుడో వస్తాడు, లేదా రాడు. అయినా అందరూ రీల్స్ దగ్గరే మొదలుపెడతారు.

డాబా బార్‌కు మ్యాప్స్‌లో వచ్చే పెద్ద తంటా పిన్ను. బిల్డింగ్ మధ్యలో పిన్ను పెడితే క్యాబ్ వెనక గల్లీలోకి తీసుకెళ్తుంది. అక్కడ జెనరేటర్, చెత్తకుండీ స్వాగతం చెప్తాయి. పిన్నును సరిగ్గా గేటు ముందుకు లాగండి. తర్వాత మీరే క్యాబ్ బుక్ చేసుకుని ఒకసారి వచ్చి చూడండి.

మ్యాప్స్ చెక్‌లిస్టు:

- పేరులో తోక వద్దు. బోర్డు మీద ఉన్నదే పేరు.
- ఎన్నో అంతస్తు, ఏ లిఫ్టు అన్నది అడ్రసులో ఉండాలి.
- ఔట్‌డోర్ సీటింగ్, రూఫ్‌టాప్, పార్కింగ్ ఆట్రిబ్యూట్లు టిక్ చేయాలి.
- పగలు తీసిన ఫొటో ఒకటి తప్పనిసరి. రాత్రి లైట్ల ఫొటోలే ఉంటే స్థలం ఎంతుందో తెలియదు.
- బాత్రూమ్ ఫొటో. నవ్వొద్దు. ఫ్యామిలీతో వచ్చేవాళ్లు ముందు చూసేది అదే.
- డ్రై డేలకు (మద్యం అమ్మకూడని రోజులకు) "స్పెషల్ అవర్స్" ముందే నింపాలి.

దీంతోపాటు స్విగ్గీ డైనౌట్, డిస్ట్రిక్ట్, ఈజీడైనర్ లాంటి టేబుల్ బుకింగ్ యాప్‌లలో మీ పేజీ ఉంటే మెనూ, టైమింగ్స్, ఆఫర్ అన్నిచోట్లా ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. ఒకచోట 20 శాతం, ఇంకోచోట 30 శాతం ఉంటే గొడవ పడేది మీ కెప్టెనే (వెయిటర్ల పెద్ద). ప్రకటనలో చూపింది లోపల ఇవ్వకపోవడాన్ని నేను పైన చెప్పిన 2022 మార్గదర్శకాలు "బెయిట్" ప్రకటన కింద చూస్తాయి.

4. ఎనిమిది ప్రశ్నలకు జవాబులు పిన్ చేయండి

ఫోన్ చేసేవాళ్లు, డీఎం పెట్టేవాళ్లు ఏం అడుగుతారో ఒక వారం పాటు రాసి పెట్టండి. ఏ బార్‌లో రాసినా దాదాపు ఇవే తేలతాయి:

1. స్టాగ్ (ఒంటరి మగవాళ్ల) ఎంట్రీ ఉందా, కపుల్స్‌కేనా?
2. కవర్ చార్జి ఎంత? బిల్లులో సర్దుతారా?
3. కార్ పార్కింగ్ ఎక్కడ? వాలే (కారు మీ మనిషే తీసుకెళ్లి పెట్టడం) ఉందా?
4. పిల్లల్ని తీసుకురావచ్చా?
5. డ్రెస్ కోడ్? చెప్పులతో రానిస్తారా?
6. లైవ్ మ్యూజిక్ ఏ రోజు?
7. వెజ్‌లో ఏముంది?
8. వాన పడితే?

ఒక్కో ప్రశ్నకు ఒక హైలైట్ (ఇన్‌స్టా ప్రొఫైల్ మీద నిలిచిపోయే స్టోరీ), ఒక వాక్యం, ఒక క్లిప్ పెట్టండి. మూడోదానికి మాత్రం వీడియోనే కావాలి. రోడ్డు మీద బోర్డు దగ్గర మొదలుపెట్టి గేటు, సెల్లార్, లిఫ్టు బటన్, తలుపు తీయగానే ఆకాశం... ఒకే నడక, ముప్పై సెకన్లు. నా పేజీల్లో ఏ డ్రోన్ షాట్‌కంటే ఈ వీడియోనే ఎక్కువ సేవ్ అవుతుంది.

బుకింగ్‌లకు వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి. ఆ నెంబరు ఓనరు జేబులో కాదు, క్యాష్ కౌంటర్ దగ్గర ఉండాలి. క్విక్ రిప్లైలు ఈ ఎనిమిదీ రాసి పెట్టండి. లేబుళ్లు మూడు చాలు: అడిగారు, బుక్ చేశారు, వచ్చారు. కేటలాగ్‌లో మాత్రం మద్యం పెట్టొద్దు. వాట్సాప్ కామర్స్ నిబంధనలు మద్యం అమ్మకాన్ని ఒప్పుకోవు, నెంబరే బ్లాక్ కావచ్చు. తిండి, టేబుళ్లు, పుట్టినరోజు డెకరేషన్ వరకు పెట్టుకోండి.

5. షూటింగ్: సూర్యాస్తమయానికి అటూ ఇటూ ముప్పావుగంట

ఇక్కడ కాస్త నింపాదిగా చదవండి. వారం సరుకంతా ఈ ముప్పావుగంటలోనే దొరుకుతుంది.

హైదరాబాద్‌లో జూన్ నెలాఖరున సూర్యుడు 6:53 ప్రాంతంలో అస్తమిస్తాడు. నవంబర్ చివర్లో 5:40కే. అంటే గంటకు పైగా తేడా. "ఆరింటికి షూట్" అని ఏడాది పొడవునా ఒకే టైమ్ పెట్టుకుంటే కొన్ని నెలలు ఎదురెండలో, కొన్ని నెలలు పొద్దు గుంకాక తీస్తారు. విశాఖలో ఇంకో ఇరవై నిమిషాలు ముందే. షూట్ రోజు పొద్దున ఫోన్‌లో వెదర్ యాప్ తెరిచి టైమ్ చూసుకుని, దానికి అటూ ఇటూ ఇలా విడగొట్టండి.

25 నిమిషాల ముందు: తిండి, మాక్‌టెయిల్స్. పక్కవాటు ఎండలో అపోలో ఫిష్ మీద కరివేపాకు కూడా మెరుస్తుంది.

10 నిమిషాల ముందు: మనుషులు. సూర్యుడికి ఎదురుగా నిలబెడితే నీడ బొమ్మల్లా వస్తారు, ముఖాలు తెలియవు. ఇది మీకు మంచిదే, ఎందుకో 8లో చెప్తా.

అస్తమించాక 10 నుంచి 25 నిమిషాలు: అసలు షాట్ ఇదే. ఆకాశం ఇంకా నీలంగా ఉంటుంది, మీ దీపాలు వెలిగి ఉంటాయి, రెండూ ఒకే వెలుతురులో కలుస్తాయి. వెడల్పు షాట్లన్నీ ఇప్పుడే.

30 నిమిషాలు దాటాక: ఫోన్ జేబులో పెట్టేయండి. ఆకాశం నల్లబడితే జూబ్లీహిల్స్ డాబా అయినా హైవే దాబా అయినా వీడియోలో ఒక్కటే.

మాక్‌టెయిల్ గ్లాసు తీయడం ఎలాగో విడిగా చెప్తా, చాలామంది ఇక్కడే తడబడతారు. గ్లాసును పది నిమిషాలు ఫ్రీజర్లో పెడితే, బయటి గాలి తగలగానే దాని మీద సన్నటి తేమ పట్టి మంచు కప్పినట్టు అవుతుంది. అది రెండు నిమిషాలే ఉంటుంది, తర్వాత నీళ్లు ధారలు కడతాయి. కాబట్టి ముందు అలాంటిదే ఇంకో ఖాళీ గ్లాసు పెట్టి ఫ్రేము, ఫోకస్ కుదుర్చుకోండి. స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. అప్పుడు చల్ల గ్లాసు తెప్పించి, పుదీనా రెబ్బను అరచేతిలో ఒక్క చరుపు చరిచి పైన పెట్టి, సోడా చివర్లో పోయించండి. పుదీనా, బుడగలు, తేమ ఈ మూడూ కలిసి ఉండేది ఇరవై సెకన్లు.

ఫోన్ సెట్టింగ్స్:

- లెన్స్ తుడవండి. వంటగది పక్క నుంచి వచ్చిన ఫోన్‌కు నూనె మరక గ్యారంటీ.
- నిలువు ఫ్రేము, 9:16. రాతలు మరీ పైన, మరీ కింద పెడితే బటన్ల కింద పోతాయి.
- ఎల్‌ఈడీ దీపాలు వీడియోలో మిణుకుమంటున్నాయా? మన కరెంటు 50 హెర్ట్జ్. ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి. ఐఫోన్‌లో కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాల్ (PAL) ఫార్మాట్లు ఆన్ చేసి 25 ఫ్రేముల్లో తీయండి.
- గాలి హోరుకు మైక్ మీద బొచ్చు తొడుగు. అది లేకపోతే మాటలు రికార్డ్ చేయొద్దు, టెక్స్ట్ వేయండి.

పాటల విషయం. బిజినెస్ అకౌంట్‌కు సినిమా పాటలన్నీ దొరకవు. పర్సనల్ అకౌంట్‌లో ఎడిట్ చేసి తెచ్చి ఎక్కిస్తే రీల్ మ్యూట్ కావచ్చు, మ్యూజిక్ కంపెనీ నోటీసూ రావచ్చు. మెటా సౌండ్ కలెక్షన్ వాడండి, లేదా మీ దగ్గర వాయించే గిటార్ కుర్రాడి చేత సొంత ట్యూన్ రెండు నిమిషాలు వాయించి పెట్టుకోండి. బార్‌లో పాటలు మోగించడానికి తీసుకున్న లైసెన్సు రీల్‌కు చెల్లదు.

డ్రోన్ ఎగరేయాలంటే ముందు ప్రభుత్వ డ్రోన్ మ్యాప్ డిజిటల్ స్కైలో మీ చోటు ఏ జోన్‌లో ఉందో చూడండి. బేగంపేట చుట్టుపక్కల, విశాఖలో నేవీ ప్రాంతాల దగ్గర "ఒక్క నిమిషమే కదా" అని ఎగరేయొద్దు.

విశాఖ వాళ్లకు ప్రత్యేకం: సముద్రం మీకు తూర్పున ఉంది. సూర్యుడు మీ వెనక, బిల్డింగుల చాటున అస్తమిస్తాడు. హైదరాబాద్ వాళ్లను చూసి "సన్‌సెట్ సెషన్" అని పోస్టర్ వేయించి అభాసుపాలైనవాళ్లను ఎరుగుదును. మీకు అంతకంటే మంచిది ఉంది. పౌర్ణమి నాడు సరిగ్గా పొద్దు వాలే వేళకు చంద్రుడు నీళ్లలోంచి లేస్తాడు. నెలకో పౌర్ణమి, ఏడాదికి పన్నెండు పదమూడు ఈవెంట్లు, పోస్టరు డిజైన్ ఒక్కటే. మర్నాడైతే దాదాపు ముప్పావుగంట ఆలస్యంగా లేస్తాడు, డిన్నర్ బ్యాచ్‌కు అదీ బాగుంటుంది.

6. వారం ప్లాన్ వేసేటప్పుడు గోడ మీది క్యాలెండర్ కూడా చూడండి

మామూలు వారానికి నా కొలత: రీల్స్ రెండు, ఫొటో పోస్టు ఒకటి, స్టోరీలు రోజూ. ఇంతకు మించితే నాణ్యత పడిపోతుంది. రీల్ నిడివి 8 నుంచి 15 సెకన్లు. మొదటి సెకనులోనే ఆకాశం కనపడాలి, లోగో కాదు.

స్టోరీకి మంచి టైమ్ సాయంత్రం నాలుగున్నర. ఆఫీసు టీ బ్రేకులో "ఇవాళ ఎక్కడికి?" అన్న గ్రూపు చర్చ మొదలయ్యేది అప్పుడే. "ఈ క్షణం మా డాబా" అని ఫిల్టర్ లేని క్లిప్ పెట్టి, ఇంకా ఎన్ని టేబుళ్లు ఖాళీగా ఉన్నాయో రాయండి. నిజమైన సంఖ్యే రాయండి. శనివారం బుకింగ్ కోసమైతే గురువారమే మొదలుపెట్టాలి.

ఇక తెలుగు క్యాలెండర్. దీన్ని పట్టించుకోకుండా బయటి ఏజెన్సీలు వేసే ప్లాన్లు చూస్తే నవ్వొస్తుంది. హైదరాబాద్‌లో ఆరుబయట కూర్చోవడానికి వాతావరణం అద్భుతంగా ఉండేది నవంబర్. దాదాపు అప్పుడే కార్తీక మాసం. సగం మంది నీచు ముట్టరు, చుక్క ముట్టరు, ఇంకొందరు అయ్యప్ప మాలలో ఉంటారు. శ్రావణంలోనూ కొంత అంతే. మామూలు వారాల్లో మంగళవారం, శనివారం ఒంటిపూట ఉండేవాళ్లు ఎంతమందో మీ వెయిటర్లను అడగండి.

దీన్ని నష్టంగా చూడకండి. కార్తీకంలో పేజీ రూపు మార్చండి. వెజ్ స్టార్టర్లు, ఉల్లి వెల్లుల్లి లేని రెండు ఐటమ్స్, నన్నారి సోడా, చలికి మిరియాల రసం షాట్. ఆరుగురి గ్రూపులో ఒక్కడు "నేను ఈ నెల రాను" అంటే ఆరుగురూ ఆగిపోతారు. ఆ ఒక్కడికి ఏం దొరుకుతుందో చూపించడమే ఈ నెల పోస్టుల పని.

డ్రై డేలు ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టండి:

- జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2.
- పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు, ఓట్ల లెక్కింపు రోజు.
- గణేశ్ నిమజ్జనం, బోనాల సమయంలో పోలీసు కమిషనర్ ఇచ్చే ఉత్తర్వులు. ఏటా చూసుకోవాల్సిందే.

ఈ జాబితా నేను దెబ్బ తిని రాసుకున్నది. నెల పోస్టులన్నీ ఒకేసారి షెడ్యూల్ చేసి మర్చిపోయాను. అక్టోబర్ 2 సాయంత్రం నాలుగున్నరకు "ఇవాళ డాబా మీద కలుద్దామా?" అని ఠంచనుగా వెళ్లిపోయింది. పదకొండు మంది లిఫ్టెక్కి పైకొచ్చి, తాళం చూసి దిగిపోయారు. వాళ్లలో ఇద్దరు ఒక్క స్టార్ ఇచ్చి పోయారు. ఎక్సైజ్ ఆఫీసు నుంచి ఓనరుకు వచ్చిన ఫోన్ సంగతి ఇక్కడ రాయను.

7. ప్రకటనకు డబ్బు పెట్టేటప్పుడు

"బూస్ట్ పోస్ట్" నీలం బటన్ నొక్కొద్దు. యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి వాట్సాప్ మెసేజ్‌లు లక్ష్యంగా పెట్టుకోండి. లైకులకు డబ్బు కడితే లైకులే వస్తాయి, టేబుళ్లు రావు.

- దూరం: బార్ చుట్టూ 8 కిలోమీటర్లు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో గచ్చిబౌలి డాబాకు ఉప్పల్ నుంచి బుధవారం ఎవరూ రారు.
- వయసు: నేను 25 పైనే పెడతాను. అడ్వాంటేజ్ ప్లస్ (ఎవరికి చూపాలో మెటాయే ఎంచుకునే పద్ధతి) ఆన్‌లో ఉంటే మీరిచ్చిన వయసును సూచనగానే తీసుకుంటుంది. కనీస వయసు కంట్రోల్ విడిగా ఉంటుంది, అక్కడ పెట్టాలి.
- రోజులు: సోమ నుంచి గురు. శనివారం ఎలాగూ నిండుతుంది, దానికి డబ్బెందుకు?
- బొమ్మ: చోటు, తిండి. గ్లాసు కనపడితే అది మాక్‌టెయిలే అయి ఉండాలి, అయినా రివ్యూలో ఆగొచ్చు.

లెక్క ఇలా చూడండి. రోజుకు 500 చొప్పున మూడు రోజులకు 1,500 పెట్టారనుకుందాం. 22 మెసేజ్‌లు వచ్చాయి, 9 బుక్ అయ్యాయి, 6 టేబుళ్లు నిజంగా వచ్చాయి. ఒక్కో టేబుల్‌కు 250 అయింది. మీ సగటు బిల్లు మీద మిగిలేదానితో పోల్చి, గిట్టుబాటైతేనే కొనసాగించండి.

8. ఇన్‌ఫ్లుయెన్సర్లు, గెస్టుల ముఖాలు

పిలిచేముందు ఫాలోయర్ల సంఖ్య అడగొద్దు. వాళ్లలో హైదరాబాద్ వాళ్లెంతమంది, 25 పైబడినవాళ్లెంతమంది అన్న ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్ అడగండి. పంపడానికి నసిగితే వదిలేయండి. మా ఏరియాలో బిర్యానీ సమీక్షలు చేసే చిన్న పేజీ ఒకటి తెచ్చినన్ని టేబుళ్లు లక్షల ఫాలోయర్లున్న మోడల్ తేలేదు.

డబ్బు ఇచ్చినా, భోజనం ఊరికే పెట్టినా "పెయిడ్ పార్ట్‌నర్‌షిప్" లేబుల్ ఉండాలి. ప్రకటనల స్వీయ నియంత్రణ మండలి యాస్కీ 2021లో, కేంద్రం 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు రెండూ ఇలాంటి సంబంధాన్ని బయటపెట్టాలనే చెప్తాయి. నియమం వాళ్లకూ వర్తిస్తుంది: సీసా చూపొద్దు, డ్రైవింగ్ సీన్ వద్దు, రాసి సంతకం తీసుకోండి.

గెస్టుల ముఖాల దగ్గర మాత్రం నేను చాలా కచ్చితం. ఒకసారి పుట్టినరోజు టేబుల్ నవ్వులు బాగున్నాయని రీల్ పెట్టాం. మర్నాడు పొద్దున్నే ఒకమ్మాయి ఫోన్. "అన్నా, ప్లీజ్ తీసేయండి, మా బాబాయి చూశాడు. నేను హాస్టల్లో ఉన్నానని చెప్పా ఇంట్లో." తీసేశాం కానీ అప్పటికే ఎవరో షేర్ చేశారు. తాగిందో లేదో కూడా ఎవరూ అడగరు, బార్ రీల్‌లో ఉంటే చాలు. సిక్ లీవ్ పెట్టి వచ్చిన సాఫ్ట్‌వేర్ బాబుల సంగతీ అంతే.

అందుకే చేతులు, గ్లాసులు, వెనక నుంచి తల, నీడ బొమ్మలు. ముఖం కావాలంటే అడిగి, వాట్సాప్‌లో "ఓకే" రాయించుకుని, పోస్టు చేసేముందు క్లిప్ చూపించి పెట్టాలి.

ఇంకొకటి, నిప్పుతో విన్యాసాలు. మంట లేచే గ్లాసు రీల్‌కు బాగుంటుంది. 2017 డిసెంబర్ 29న ముంబయి కమలా మిల్స్‌లో డాబా మీది పబ్‌లో అంటుకున్న మంటల్లో 14 మంది పోయారు. వెదురు తడికలు, గుడ్డ పందిరి కింద మంట చూపించే వీడియోను నేను ఎడిట్ చేయను. దాని బదులు మెట్ల దారి ఎక్కడో చూపించే క్లిప్ హైలైట్స్‌లో ఉంచండి.

9. రివ్యూలకు జవాబులు

ఒక్క రోజులోపు, పేరు పెట్టి, మూడు వాక్యాల్లో. కాపీ పేస్ట్ "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అసలు వద్దు. సర్వీస్ చార్జి మీద ఫిర్యాదు వస్తే వాదించకండి. దాన్ని గెస్టు మీద తప్పనిసరి చేయకూడదని 2022 జూలై మార్గదర్శకాలున్నాయి, వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. తీసేశామని రాసి, నిజంగా తీసేయండి.

దోమల మీద వచ్చే రివ్యూలు రూఫ్‌టాప్‌ల ప్రత్యేక ఆస్తి. ఫాగింగ్ ఎన్నింటికి చేయిస్తారో, టేబుల్ కింద ఏం పెడతారో జవాబులో రాస్తే తర్వాత చదివేవాళ్లకు ధైర్యం వస్తుంది.

10. వాన రోజు

జూన్ నుంచి అక్టోబర్ వరకు హైదరాబాద్‌లో సాయంత్రం నాలుగింటికి మబ్బు కమ్మిందంటే బుకింగ్‌లు టపటపా రద్దవుతాయి. ఫోన్ రాకముందే మీరే మాట్లాడాలి. పద్ధతి ఇది:

1. మూడున్నరకు ఆకాశం, వాన మబ్బులు చూపించే రాడార్ మ్యాప్ రెండూ చూడండి.
2. కప్పు కింద ఎన్ని టేబుళ్లున్నాయో లెక్క సిద్ధంగా ఉంచండి.
3. బుక్ చేసినవాళ్లందరికీ ఒక్కో మెసేజ్ వెళ్లాలి. నేను వాడేది ఇది: "నమస్తే అండీ, మబ్బుగా ఉంది. మీ ఏడున్నర టేబుల్‌ను కప్పు కిందికి మార్చి ఉంచాం, వాన చప్పుడు బాగా వినిపిస్తుంది. వద్దనుకుంటే రేపటికి మార్చమంటారా?"
4. చినుకు పడగానే స్టోరీ. తడిసిన నేల మీద దీపాల నీడలు, వేడి మిరపకాయ బజ్జీల ప్లేటు, పైన రేకు మీద వాన చప్పుడు అలాగే. పాట వేయొద్దు.
5. నేల జారుతుంటే, ఉరుములుంటే ఆరుబయట భాగం మూసేశామని నిజాయతీగా పెట్టండి.

వాన వెలిశాక ఒక పావుగంట ఉంటుంది, గాలి కడిగినట్టు, దూరాన గోల్కొండ వైపు దాకా కనిపిస్తూ. ఆ పావుగంటలో ఎవరు షూట్ చేయాలో ముందే పేరు పెట్టి ఉంచండి, ఎందుకంటే అప్పుడు సిబ్బంది అందరూ కుర్చీలు తుడుస్తుంటారు.

11. సోమవారం పొద్దున పది నిమిషాల లెక్క

క్యాష్ కౌంటర్ దగ్గర ఒక రూళ్ల పుస్తకం పెట్టండి. బిల్లు ఇచ్చేటప్పుడు కెప్టెన్ "మా గురించి ఎలా తెలిసింది సార్?" అని అడిగి గీత గీయాలి: మ్యాప్స్, ఇన్‌స్టా, ఫ్రెండ్స్, దారిన పోతూ చూసి. సోమవారం ఆ గీతలు, వాట్సాప్ "వచ్చారు" లేబుల్, సోమ నుంచి గురు దాకా నిండిన టేబుళ్లు, ఈ మూడు అంకెలు ఒకే పేజీలో రాయండి. ఫాలోయర్ల సంఖ్యకు ఆ పేజీలో గడి ఉండదు.

తరచూ వచ్చే ఇబ్బందులు, వాటి మందులు:

- వ్యూస్ వేలల్లో, మెసేజ్‌లు సున్నా: చూసేది వేరే ఊళ్లవాళ్లు. లొకేషన్ ట్యాగ్, మొదటి లైనులో ఏరియా పేరు చేర్చండి.
- మెసేజ్‌లు ఉన్నాయి, టేబుళ్లు లేవు: జవాబు ఆలస్యమవుతోంది. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఫోన్ పట్టుకునే మనిషి ఒక్కరు ఉండాలి.
- బుక్ చేసి రారు: మధ్యాహ్నం మూడింటికి టేబుల్ ఫొటో పంపి "మీ కోసం ఉంచాం" అనండి. ఫొటో చూశాక ఎగ్గొట్టేవాళ్లు తగ్గుతారు.
- వస్తున్నారు, ఒక్కసారే: ఇది మార్కెటింగ్ సమస్య కాదు. కిచెన్‌లోకి వెళ్లండి.
- పుస్తకంలో గీతలే లేవు: కెప్టెన్‌ను తిట్టకండి, పెన్నుకు దారం కట్టి పుస్తకానికి వేలాడదీయండి.